ఖాళీ వదిలే పని

అనంతపురం టవర్ క్లాక్ పక్క సందులో
రెమింగ్టన్ ముందర కూచోని
పదకొండేండ్లు నేను చేసిన పని
ఖాళీలు వదలడం.

పడగెత్తిన పాముకు నాలుగు స్పేసులు,
రోలర్ అరచుట్టు పైకి, అరచుట్టు కిందికి.
పక్కకు పడుకున్న ఎమ్ముకు మూడు.
కొక్కెం మాదిరి సన్నదానికి ఒకటి చాలు.
అర్థం నాకు తెలీదు.
ఎత్తు తెలుసు, వెడల్పు తెలుసు.
జాకెట్టు కుట్టేదానికి కొలత చాలు గదా,
మనిషి మనసు ఎందుకు?

సాయంత్రం స్కాలర్లు వచ్చి
ఆ తెల్ల గుంతల్లో నల్ల ఇంకుతో
ఒక్కో గుర్తూ వేసుకునేవాళ్లు, బుడ్డలు విత్తినట్టు.
నాలుగు కాపీలకు నాలుగుసార్లు.
నాలుగో కాపీకొచ్చేసరికి
చెయ్యి నొచ్చి పాము నడుం వంగిపోయేది.

ఎనభై తొమ్మిది ఎండల్లో పెన్నోబులేసు వచ్చినాడు.
"ఖుర్షీదక్కా, మా డిపార్ట్‌మెంటుకు కంప్యూటర్ వచ్చినాది,
నీ వేళ్లు కావాల."
దర్గాకు పోయినట్టు
చెప్పులు బయట విడిచి పోయినాము.
కూలర్, కూలర్ కింద బకెట్,
స్టెబిలైజర్ మూలుగు,
అప్పడమంత ఫ్లాపీ.

ఆడ గుర్తును గియ్యరు, పేరు పెట్టి పిలుస్తారు.
వెనక్కి వాలిన గీతొకటి కొట్టి
సిగ్మా అని రాయాల. గామా అని రాయాల.
ఇన్నేండ్లు వాళ్లకు ఇంటి జాగాలు కొలిచి ఇచ్చినానా,
పేర్లు ఆ పొద్దే తెలిసినాయి.

తెర నిండా పేర్లే, మీసాల బ్రాకెట్లే.
ఏది ఎవరి భుజమెక్కిందో కనపడదు.
కనపడాలంటే కంప్యూటర్ నమలాల.
నమిలి నమిలి అరవై మూడో లైన్లో ఆగి
ఏందో పారిపోయినాది అంటాది.
యాడనో ఒక మీసం మూయలేదు,
దొడ్డికి గడి పెట్టలేదు,
మేకలన్నీ రోడ్డు మీద.
వెతికి మూస్తే, ఇంకో లైను నిండిపోయినాదని గొణుగుతాది.
నిజమే. కళ్యాణదుర్గం బస్సుకు మాదిరి
ఒక ఎక్స్ మార్జిన్ దాటి
ఫుట్‌బోర్డు మీద వేలాడతా ఉంది.

అన్నీ సర్దినాక, ప్రివ్యూ.
తెర నల్లబడి, పైనుంచి గీత తర్వాత గీత
పసుపుగా దిగేది. పేజీకి నిమిషంన్నర.
ఇద్దరమూ మాట్లాడం.

అప్పుడు చూసినాను.
పాము లేచి నిలబడి ఉండాది,
అంచులు మెట్లు మెట్లుగా.
తల మీద అనంతం, కాళ్ల కింద సున్నా.
నేనేమీ వదల్లేదు దానికి.
తన చోటు తానే కొలుచుకున్నాది.
సంతోషమో, నా పని అయిపోయిందనో,
గొంతులో ఏదో అడ్డం పడింది.

కరెంటు పోయింది.

పేర్లన్నీ ఫ్లాపీలో భద్రమే,
కనపడిందే పోయింది.
"మన ఊరి మోడాలూ ఇంతే గదక్కా,
చూపిచ్చి పోతాయి" అన్నాడు ఓబులేసు చీకట్లో.
కూలర్ బకెట్లో నీళ్లు మాత్రం
చుక్క చుక్క పడతానే ఉన్నాయి.

తొంభై జనవరికి నూట పన్నెండు పేజీలు.
ఆఖర్న మొదటి పేజీ.
హాస్టల్లో అడగకనే ఇంకో ముద్ద పెట్టిన ఈరక్కకు
అంకితం, తెలుగులోనే కావాలన్నాడు.
ఆమె కూడబలుక్కుని చదివేది తెలుగే.
వెనక్కి వాలిన గీత కొట్టి
ఈరక్కా అని ఇంగ్లీషు అక్షరాల్లో పిలిచి చూసినా.
ఎవరో తెలీదు అన్నాది కంప్యూటర్.

అప్పుడు నాకొచ్చిన పని నేను చేసినా.
ఖాళీ వదిలినా.
ప్రింటర్ గరగర గీకినాక
అంచు చిల్లులు చింపి
ఆ తెల్లచోట నల్ల ఇంకుతో, నా చేత్తో, ఈరక్కకు.

కొలత సరిపోయింది.
క వత్తు మాత్రం కింది లైనుకు తగిలింది.
రోలర్ ఇంకో అరచుట్టు తిప్పాల్సింది.
దీనికి రోలర్ యాడుంది.